పాత ట్రాక్టరు పునరుద్ధరణ: బేరానికి ముందు వేయవలసిన లెక్క

వ్యవసాయ యాంత్రీకరణపై మన చర్చ దాదాపుగా కొత్త యంత్రం చుట్టూనే తిరుగుతున్నది. రాయితీలు కొత్త యంత్రాలకే వర్తిస్తాయి. కిసాన్ మేళాలలో ప్రదర్శనకు నిలిచేవి కొత్త యంత్రాలే. శిక్షణ తరగతులలో చూపించే చిత్రాలు కూడా వాటివే. గ్రామంలో పరిస్థితి వేరు. చిన్న రైతు ఇంటి ముందుకు వచ్చే మొదటి ట్రాక్టరు తరచుగా మరొకరి పొలంలో పది పన్నెండేళ్ళు పనిచేసి వచ్చినదే. దానిని కొని, ఇంజను దించి, టైర్లు మార్చి, రంగు వేయించి దుక్కికి సిద్ధం చేసే క్రమంలో ఆ కుటుంబం లక్షల రూపాయలు వెచ్చిస్తున్నది. ఇంత పెద్ద నిర్ణయానికి సలహా చెప్పేవారు మధ్యవర్తి, మెకానిక్కు, బావమరిది. విస్తరణ శాస్త్రవేత్త ఆ చోట కనిపించడు.

ఈ లోటును పూరించవలసిన బాధ్యత విస్తరణ వ్యవస్థపై ఉన్నది. పాత ట్రాక్టరు ఎంపిక పొలం పని వద్ద మొదలై, విడిభాగాల లభ్యత మీదుగా సాగి, చివరకు ధర వద్దకు చేరాలి. ఆచరణలో ఈ క్రమం తలకిందులవుతున్నది. రైతు మొదట ధరను, రంగును, అశ్వశక్తిని చూస్తున్నాడు. పని గురించి ఆలోచించే సమయానికి చేతిలోని సొమ్ము అయిపోతున్నది. క్రమాన్ని సరిదిద్దితే అదే బడ్జెట్టు రైతును నిలబెడుతుంది. సరిదిద్దకపోతే చెట్టు కింద నిలిచిపోయిన బండి, తీరని అప్పు మిగులుతాయి.

సస్యశాస్త్రానికి దీనితో ఏమి సంబంధం?

ట్రాక్టరు ఎంపిక ఇంజనీరింగు విభాగానికి చెందిన విషయమనీ, సస్యశాస్త్రానికి దానితో పని లేదనీ భావించడం సరికాదు. వర్షాధార సేద్యంలో యంత్రం విలువను నిర్ణయించేది అదును. అనంతపురం జిల్లా ఎర్ర నేలలలో ఖరీఫ్ వేరుశనగ విత్తడానికి తగిన పదును ఒక మంచి వర్షం తరువాత కొద్ది రోజులకు మించి నిలవదు. ఆ కొద్ది రోజులలో క్లచ్ ప్లేటు కాలి బండి ఆగిపోతే నష్టం క్లచ్ ప్లేటు ధరతో ముగియదు. విత్తు ఆలస్యమై దిగుబడి మీద పడుతుంది. నల్లరేగడిలో ఈ చిక్కు మరింత తీవ్రం. తడి ఎక్కువైతే బండి దిగబడుతుంది, తక్కువైతే గడ్డలు లేస్తాయి; దున్నకానికి అనువైన రోజులు పరిమితం.

నేల ఆరోగ్యం రెండవ కారణం. బరువైన ట్రాక్టరు తడి నేల మీద పదే పదే తిరిగితే అడుగు పొరలు గట్టిపడతాయి. నీరు ఇంకడం, వేళ్ళు దిగడం రెండూ దెబ్బతింటాయి. అవసరానికి మించిన యంత్రం డీజిలుతో పాటు నేలను కూడా ఖర్చు చేస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి వద్దన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

పని నుండి యంత్రానికి

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94, తెలంగాణలో 1.00 హెక్టారు. ఇంత చిన్న కమతాల మధ్య తిరిగే ట్రాక్టరు సొంత పొలం మీద మాత్రమే ఆధారపడి బ్రతకలేదు. కనుక మొదటి ప్రశ్న: ఏడాదిలో ఈ బండికి ఎన్ని గంటల పని దొరుకుతుంది? సొంత పొలంలో ఎన్ని గంటలు, ఇరుగుపొరుగు వద్ద బాడుగకు ఎన్ని గంటలు, ట్రాలీ తోలకానికి ఎన్ని గంటలు? ఈ లెక్క కాగితం మీద పడనిదే బేరానికి వెళ్ళకూడదు.

రెండవ ప్రశ్న పనిముట్టుకు సంబంధించినది. తేలికపాటి ఎర్ర చల్క నేలలో గొర్రు, గుంటక, చిన్న రోటవేటరు నడిపేవారికి 30-35 అశ్వశక్తి తరగతి చాలావరకు సరిపోతుంది. నల్లరేగడిలో లోతు దుక్కి వేసేవారికి, పెద్ద రోటవేటరు తిప్పేవారికి అంతకు మించిన శక్తి కావాలి. వరి మాగాణిలో దమ్ము ప్రధానమైతే బరువు, చక్రాల పట్టు, ఇరుసుల సీళ్ళ పటిష్ఠత అశ్వశక్తి కంటే ముఖ్యమవుతాయి. పత్తి, మొక్కజొన్న వరుసల మధ్య అంతరకృషి చేయదలచినవారు చక్రాల మధ్య దూరాన్ని సవరించుకొనే వీలును, నేల నుండి ఇరుసు ఎత్తును చూడాలి. పి.టి.ఓ. షాఫ్టు 540 చుట్ల ప్రామాణిక వేగాన్ని నిలకడగా ఇవ్వని బండి ఇతరత్రా ఎంత బాగున్నా రోటవేటరుకు, నూర్పిడి యంత్రానికి పనికిరాదు.

సొంతంగా యంత్రాన్ని రూపొందించుకొనేవారికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లాకు చెందిన మన్సుఖ్‌భాయ్ జగానీ బుల్లెట్ మోటారుసైకిలును ఆధారం చేసుకొని ‘బుల్లెట్ సాంతి’ అనే సేద్యపు యంత్రాన్ని తయారుచేశారు. వెనుక చక్రం స్థానంలో రెండు చక్రాల ఇరుసు, దానికి కలుపు తీసే, విత్తే పనిముట్లు అమర్చారు. ఎద్దుల జతను పోషించలేని చిన్న రైతు అంతరకృషి ఎలా చేసుకోవాలన్నది ఆయన ముందున్న ప్రశ్న. పని స్పష్టంగా ఉండటం వలన యంత్రం చిన్నదిగా, చవకగా, ఉపయోగకరంగా రూపొందింది. పని తెలియకుండా మొదలుపెట్టిన నిర్మాణాలు షెడ్డులోనే మిగిలిపోతాయి.

ఏ బండిని బాగుచేయవచ్చు?

పాత బండి ఎంపికలో విడిభాగాల లభ్యత నిర్ణాయకం. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల చరిత్ర ఇందుకు పాఠం. చెకోస్లోవేకియాకు చెందిన జెటర్ సహకారంతో పింజోర్‌లో మొదలైన ఆ తయారీ దేశంలో మంచి పేరు తెచ్చుకొన్నది. అయినా 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ ట్రాక్టరు విభాగం మూసివేతకు ఆమోదం తెలిపింది. తయారీ ఆగిన బండి చెడ్డదని కాదు. దానికి కావలసిన గేరు, పంపు భాగం మండల కేంద్రంలో దొరుకుతుందా, విజయవాడ ఆటోనగర్ వంటి చోటికి పరుగెత్తాలా, అక్కడా దొరకదా అన్నది కొనకముందే తేలాలి. తన ప్రాంతంలో ఎక్కువగా తిరిగే నమూనాను ఎంచుకొన్న రైతుకు విడిభాగమూ, దానిని బిగించగల చేయీ రెండూ దగ్గరలో ఉంటాయి. అరుదైన నమూనా వంద బళ్ళ మధ్య అందంగా కనిపించవచ్చు; విత్తే వారంలో మాత్రం అది అనాథ.

బండి పూర్వ చరిత్ర కూడా ధర అంత ముఖ్యమైనదే. డెల్టాలో ఏళ్ళ తరబడి ఇనుప చక్రాలతో దమ్ము చేసిన బండిలో ఇరుసుల బేరింగులు, బ్రేకులు, సీళ్ళు బురద నీటికి నాని ఉండవచ్చు. ఇసుక, ఇటుక తోలకంలో తిరిగిన బండిలో క్లచ్, గేరుబాక్సు, బ్రేకులు అలసి ఉంటాయి. గంటల మీటరును మార్చడం కష్టం కాదు గనుక దాని అంకెను ఒక్కదానినే నమ్మకూడదు. పెడళ్ళ రబ్బరు అరుగుదల, స్టీరింగు లూజు, మూడు బిందువుల లంకె రంధ్రాల అరుగుదల మీటరు కంటే నిజం చెబుతాయి.

పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళ్ళాలి. ముందుగా వేడిచేసి ఉంచిన ఇంజను తన రోగాన్ని దాచుకుంటుంది. స్టార్టు చేసి, వేడెక్కాక, బరువు లాగించి పొగను గమనించాలి. నిలకడగా వచ్చే నీలి పొగ ఇంజను ఆయిలు కాలుతున్నదని చెబుతుంది. దట్టమైన నల్ల పొగ గాలి, ఇంధనాల పొందిక చెడినదని, నాజిళ్ళు లేదా పంపు చూడాలని చెబుతుంది. వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ కాలని ఇంధనాన్ని గానీ, లోపలికి దిగుతున్న నీటిని గానీ సూచిస్తుంది. బ్రీదరు గొట్టం నుండి ఉధృతంగా గాలి తన్నుతుంటే రింగులు, లైనర్లు అరిగాయని భావించవచ్చు. ఆయిలు పాలు కలిసినట్లుంటే నీరు చేరినట్లే. బరువైన పనిముట్టును హైడ్రాలిక్‌తో ఎత్తి ఇంజను ఆపి కాసేపు వేచి చూస్తే లిఫ్టు పరిస్థితి బయటపడుతుంది. ప్రతి గేరులోనూ బరువుతో నడిపి, గేరు దానంతటదే జారుతున్నదేమో చూడాలి.

ఈ పరీక్షలలో బయటపడే లోపాలన్నీ ఒకే తరగతివి కావు. రింగులు, లైనర్లు, క్లచ్ ప్లేటు, నాజిళ్ళు, సీళ్ళు, బ్యాటరీ, టైర్లు అరిగేవి, మార్చదగినవి. వాటి ఖర్చును ముందే అంచనా వేయవచ్చు. ఇంజను బ్లాకు పగులు, గేరుబాక్సు పెట్టె పగులు, వంగిన ఇరుసు, అతుకు వేసిన ముందు భాగం వేరే కోవకు చెందుతాయి. వాటి ఖర్చుకు హద్దు ఉండదు. మొదటి తరగతి లోపాలున్న బండిని ధర తగ్గించి కొనవచ్చు. రెండవ తరగతి లోపమున్న బండిని ఎంత చవకగా ఇచ్చినా వదిలివేయాలి. పరిమితమైన బడ్జెట్టు ఉన్నవారికి ఇంతకు మించిన రక్షణ లేదు.

నాలుగు లక్షల లెక్క

ఒక ఊహాజనిత ఉదాహరణతో ఈ విషయం స్పష్టమవుతుంది. ఐదెకరాల రైతు వద్ద 4,00,000 రూపాయలు ఉన్నాయనుకొందాం. మొదటి బండి 45 అశ్వశక్తిది, మెరిసే రంగు, ధర 3,60,000. చేతిలో మిగిలేది 40,000. మొదటి దుక్కిలో ఇంజను పని పడితే రైతు వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసిందే. రెండవ బండి 35 అశ్వశక్తిది, ఇంజను అరిగినదని తెలిసే 2,20,000కు వస్తున్నది. మరమ్మతుకు 90,000, కాగితాలకు, బీమాకు 20,000 పోగా 70,000 చేతిలో నిలుస్తుంది. ఈ మిగులు అనవసరమైన జాగ్రత్త కాదు. ఇంజను విప్పిన తరువాత గానీ తెలియని ఖర్చులు ప్రతి పునరుద్ధరణలోనూ ఉంటాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవారు పాత బండి బాగుచేసి చూడు అని కూడా అని ఉండవచ్చు.

రెండవ బండినే తీసుకొని గంట ఖర్చు చూడవచ్చు. మిగులు పక్కన పెడితే పెట్టుబడి 3,30,000. పదేళ్ళ తరువాత 90,000 వస్తుందనుకొంటే ఏటా తరుగుదల 24,000. సగటు విలువ 2,10,000 మీద 10 శాతం వడ్డీ 21,000. ఏడాదికి 300 గంటలు నడిస్తే తరుగుదల గంటకు 80, వడ్డీ 70. డీజిలు గంటకు 3.5 లీటర్లు, లీటరు 96 రూపాయల చొప్పున 336. మరమ్మతులకు 60, డ్రైవరుకు 100. మొత్తం 646 రూపాయలు. అదే బండి ఐదెకరాల సొంత పనికే పరిమితమై ఏడాదికి 60 గంటలు మాత్రమే నడిస్తే తరుగుదల గంటకు 400, వడ్డీ 350 అవుతాయి; మొత్తం 1,246కు చేరుతుంది.

ఈ అంకెలు ప్రాంతాన్ని బట్టి, డీజిలు ధరను బట్టి మారుతాయి. లెక్క చెప్పే మాట మాత్రం మారదు. యంత్రం చవకగా దొరికినా, పని లేకపోతే గంట ఖరీదు పెరుగుతుంది. ఊరిలో బాడుగ రేటు తన గంట ఖర్చు కంటే తక్కువగా ఉన్న రైతుకు ‘కొనవద్దు, బాడుగకు తెచ్చుకో’ అని చెప్పగలగడమే నిజమైన విస్తరణ సేవ.

సొమ్మును వెచ్చించే వరుస కూడా ముఖ్యం. మొదట బ్రేకులు, స్టీరింగు. తరువాత ఇంజను, శీతలీకరణ, పంపు, నాజిళ్ళు. ఆ తరువాత క్లచ్, హైడ్రాలిక్, పి.టి.ఓ.; అనంతరం విద్యుత్ దీపాలు, టైర్లు. రంగు చివరిది. ఆచరణలో రంగు, పూలదండ, పాటల పెట్టె ముందుకు వస్తున్నాయి. బ్రేకులు వచ్చే పంటకు వాయిదా పడుతున్నాయి.

కాగితాలు, మార్పులు

చాసిస్, ఇంజను సంఖ్యలు రిజిస్ట్రేషను పత్రంతో సరిపోవాలి. పత్రం చెల్లుబాటు మొదట 15 ఏళ్ళు; ఆ తరువాత తనిఖీ జరిపి ఐదేళ్ళ చొప్పున పునరుద్ధరిస్తారు. పదమూడేళ్ళ బండిని కొనేవారు ఈ తనిఖీ ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. యాజమాన్య బదిలీకి 29, 30 నంబరు ఫారాలు, బండిపై పాత రుణం తీరినట్లు నమోదుకు 35వ నంబరు ఫారం అవసరం. పొరుగు రాష్ట్రం నుండి తెచ్చే బండికి అక్కడి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. ట్రాలీ రిజిస్ట్రేషను వేరు. ఫైనాన్సు తీరని బండిని కొన్నవాని చేతిలో చివరకు తాళంచెవి కూడా మిగలకపోవచ్చు.

మార్పుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతిని స్పష్టం చేసింది. ఇంజను మార్చవలసి వస్తే రవాణా అధికారుల అనుమతి ముందుగా పొందాలి. విప్పి తీసివేయగల పనిముట్టును బిగించుకోవడం వేరు, చాసిస్‌ను కోసి అతకడం వేరు. ఈ తేడాను గ్రామీణ వర్క్‌షాపులకు వివరించడం కూడా విస్తరణ పనిలో భాగమే.

సహేతుకమైన అభ్యంతరాలు

పాత బళ్ళను ప్రోత్సహించడం కాలుష్యాన్ని, ప్రమాదాలను ప్రోత్సహించడమేనన్న వాదనలో బలమున్నది. 50 అశ్వశక్తికి పైబడిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి కఠినమైన ట్రెమ్ నాలుగవ దశ ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. పాత ఇంజను వాటికి సాటి రాదు. బోల్తా పడినప్పుడు డ్రైవరును కాపాడే ఉక్కు చట్రం, పి.టి.ఓ. షాఫ్టు మీది రక్షణ తొడుగు పాత బళ్ళలో చాలావాటికి ఉండవు. కొత్త ట్రాక్టరు కూడా మునుపటి కంటే అందుబాటులోకి వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లపై, పలు విడిభాగాలపై 18 నుండి 5 శాతానికి తగ్గింది. బాగుచేసిన పాత బండికీ, కొత్త బండికీ మధ్య తేడాను తిరిగి లెక్కించవలసిన అవసరం దీనివలన ఏర్పడింది. మరమ్మతు అంచనాతో కలిపి పాత బండి ఖరీదు కొత్తదాని ధరను సమీపిస్తుంటే కొత్తదానికే, లేదా కస్టమ్ హైరింగ్ కేంద్రానికే మొగ్గాలి.

అయితే సలహా ఇవ్వకుండా మౌనం వహించినంత మాత్రాన పాత బళ్ళు పొలాల నుండి తొలగిపోవు. వాటిని రైతులు కొంటూనే ఉన్నారు, నడుపుతూనే ఉన్నారు. పంపు, నాజిళ్ళు సరిచేసిన బండి తక్కువ పొగ విడుస్తుంది, తక్కువ డీజిలు తాగుతుంది. బ్రేకులు సరిచేసిన బండి ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు. సలహా లేని పునరుద్ధరణ కంటే సలహాతో జరిగే పునరుద్ధరణ సమాజానికి మేలు.

విస్తరణ వ్యవస్థ చేయదగినవి

ఇందుకు భారీ నిధులు అక్కరలేదు. కృషి విజ్ఞాన కేంద్రాలు వేసవిలో, ఖరీఫ్‌కు ముందు, మండలానికి ఒక పాత ట్రాక్టరు పరీక్షా దినం నిర్వహించవచ్చు. పొగ, ఆయిలు, లిఫ్టు, గేరు, బ్రేకు, కాగితాలు అనే ఆరు శీర్షికలతో ఒకే పుట పరీక్షా పత్రాన్ని తెలుగులో అచ్చువేసి రైతు చేతికి ఇవ్వవచ్చు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ తోడ్పాటుతో గ్రామీణ మెకానిక్కులకు స్వల్పకాలిక శిక్షణ ఏర్పాటు చేయవచ్చు. గ్రామీణ అనుభవ శిక్షణకు వెళ్ళే వ్యవసాయ విద్యార్థులు తమ గ్రామంలోని పాత ట్రాక్టర్ల వయసు, ఏడాది పని గంటలు, మరమ్మతు ఖర్చు, పని మధ్యలో ఆగిపోయిన రోజులు నమోదు చేయవచ్చు. నేడు ఊహ మీద వేస్తున్న లెక్కలను అప్పుడు స్థానిక సమాచారం మీద వేయగలుగుతారు. అది విద్యార్థి పరిశోధనకు యోగ్యమైన అంశం కూడా.

విత్తనం ఎంపికలో, ఎరువు మోతాదులో రైతుకు అంకెలతో సలహా ఇచ్చే శాస్త్రం, అతని కుటుంబం జీవితంలో చేసే అతిపెద్ద కొనుగోలు వద్దకు వచ్చేసరికి మాట్లాడకపోవడం సబబు కాదు. రైతు పాత బండి బేరానికి బయలుదేరే ముందు అతని జేబులో డబ్బుతో పాటు ఒక లెక్క కాగితం ఉండాలి. ఆ కాగితం వ్రాయడంలో తోడు నిలవవలసినది విస్తరణ శాస్త్రవేత్తే.